పవర్‌సెంటర్‌లో బయటి కోడ్ ప్రొసీజర్ల అమరిక: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో రేవు సరుకు, ఎగుమతి బిల్లులు, బ్యాంకు లావాదేవీల డేటాతో కుస్తీ పట్టే ఈటీఎల్ (డేటాను ఒకచోట నుంచి తీసి, మార్చి, ఇంకోచోట నింపే) బృందాల కోసం ఈ పేజీ. ఇక్కడున్నదంతా ఆ పనికి వాడే ఇన్ఫర్మాటికా పవర్‌సెంటర్‌లోని ఎక్స్‌టర్నల్ ప్రొసీజర్ ట్రాన్స్‌ఫర్మేషన్ గురించే, అంటే బయట రాసిన కోడ్‌ని పిలిచే భాగం గురించే. డిజైనర్ (మార్పుల్ని గీసే పరికరం) విండోస్ మీద, ఇంటిగ్రేషన్ సర్వీస్ (వాటిని నడిపేది) లినక్స్ మీద ఉన్నాయనుకుని రాశాం. ఉదాహరణ కావాల్సిన చోట రేవులో రోజూ కనబడే కంటైనర్ నంబర్ల తనిఖీనే తీసుకున్నాం.

## బయటి కోడ్ నిజంగా ఎప్పుడు కావాలి?

అనుకున్నంత తరచుగా అక్కర్లేదు. ఎక్స్‌ప్రెషన్, లుకప్, స్టోర్డ్ ప్రొసీజర్ ఈ మూడింటితో తేలే పనికి సి++ తెచ్చిపెట్టుకుంటే ఆ కోడ్‌ని పదేళ్లు మోయాల్సి వస్తుంది. లూప్ తిరగాల్సిన లెక్క, ఇప్పటికే సి++లో రాసి పరీక్షించి ఉన్న పాత లైబ్రరీ, వేరే సంస్థ సోర్స్ ఇవ్వకుండా లైబ్రరీగా మాత్రమే ఇచ్చిన సంకేతీకరణ కోడ్: ఇలాంటివి ఉంటేనే ఇటు రండి.

కంటైనర్ నంబర్ తనిఖీని ఎక్స్‌ప్రెషన్‌లోనూ రాయొచ్చు. పది అక్షరాలకు పది వేరియబుల్ పోర్టులు పెడితే పని జరుగుతుంది. అదే లెక్క పాతిక మ్యాపింగుల్లో (డేటా సోర్స్ నుంచి టార్గెట్‌కి ఎలా వెళ్లాలో చెప్పే అమరికల్లో) కావాలంటే మాత్రం ఒక్కచోట రాసి అన్నిచోట్లా పిలవడమే మేలు.

## ఎక్స్‌టర్నల్ ప్రొసీజర్, కస్టమ్, జావా: దేన్ని ఎంచుకోవాలి?

ఒక రో లోపలికి వెళ్తే ఒక రో బయటికి రావాలి, లేదా ఏమీ రాకూడదు అంటే ఎక్స్‌టర్నల్ ప్రొసీజర్ చాలు. ఇది పాసివ్ రకం. ఒక రో నుంచి నాలుగు రోలు పుట్టాలన్నా, వచ్చిన రోలన్నీ పోగేసి చివర్లో ఫలితం ఇవ్వాలన్నా, ఒకటికి మించి ఇన్‌పుట్ గ్రూపులు కావాలన్నా కస్టమ్ ట్రాన్స్‌ఫర్మేషన్ వైపు వెళ్లాలి. బృందంలో సి++ తెలిసినవాళ్లు లేకపోతే జావా ట్రాన్స్‌ఫర్మేషన్ తీసుకోండి. అందులో కోడ్ మ్యాపింగ్‌తోపాటే రిపాజిటరీలో (పవర్‌సెంటర్ తన అమరికలన్నీ దాచుకునే చోట) ఉంటుంది, కాబట్టి లైబ్రరీ ఫైళ్లు మోసే బాధ తప్పుతుంది.

ఎక్స్‌టర్నల్ ప్రొసీజర్‌కి మాత్రమే ఉన్న సౌకర్యం ఒకటుంది: దీన్ని అన్‌కనెక్టెడ్‌గా, అంటే ఎక్స్‌ప్రెషన్ లోపలినుంచి ఫంక్షన్‌లా పిలవొచ్చు. కస్టమ్, జావా రెండూ పైప్‌లైన్‌లో కలిసి ఉండాల్సిందే.

## కామ్ రకమా, ఇన్ఫర్మాటికా రకమా?

సర్వీస్ లినక్స్ మీద ఉంటే ఈ ప్రశ్నే లేదు, సి++ లైబ్రరీగా కట్టే ఇన్ఫర్మాటికా రకమే. కామ్ (ప్రోగ్రాములు ఒకదాని భాగాల్ని ఇంకోటి వాడుకునే మైక్రోసాఫ్ట్ పద్ధతి) విండోస్‌కే పరిమితం. సర్వీస్ కూడా విండోస్ మీదే ఉండి, పాత విజువల్ బేసిక్ భాగాలు చేతిలో ఉంటే కామ్ పనికొస్తుంది. అప్పుడు ఆ భాగం సర్వీస్ నడిచే యంత్రంలో రిజిస్టర్ అయి ఉండాలి. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో రిజిస్టర్ చేసి వదిలేస్తే మ్యాపింగ్ ఇక్కడ సరిగ్గానే కనిపిస్తుంది, సెషన్ (మ్యాపింగ్‌ని సర్వీస్ నడిపే పని) అక్కడ పడిపోతుంది.

## ట్రాన్స్‌ఫర్మేషన్‌ని ఏ వరుసలో అమర్చాలి?

ట్రాన్స్‌ఫర్మేషన్ డెవలపర్‌లో కొత్త ఎక్స్‌టర్నల్ ప్రొసీజర్ సృష్టించి ముందు పోర్టులు పెట్టండి. పోర్టుల వరుసే ఆర్గ్యుమెంట్ల వరుస. మన ఉదాహరణకి స్ట్రింగ్ రకం, గీతలూ ఖాళీలూ వచ్చినా పట్టేలా ప్రెసిషన్ 11 కంటే ఎక్కువ ఉన్న ఇన్‌పుట్ పోర్టు ఒకటి, ఇంటిజర్ రకం అవుట్‌పుట్ పోర్టు ఒకటి చాలు. ఆ అవుట్‌పుట్ పోర్టుకు రిటర్న్ గుర్తు పెట్టడం మరిచిపోవద్దు. అది లేకుండా అన్‌కనెక్టెడ్ పిలుపు కుదరదు.

తర్వాత ప్రాపర్టీస్ ట్యాబ్. టైప్ దగ్గర ఇన్ఫర్మాటికా అని ఎంచుకోండి. మాడ్యూల్ దగ్గర లైబ్రరీ మూలపేరు మాత్రమే రాయాలి. లినక్స్ ఫైలు పేరుకి ముందు వచ్చే "లిబ్", చివర వచ్చే "డాట్ ఎస్ఓ" ఇక్కడ రాయకూడదు. ప్రొసీజర్ పేరు కోడ్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి, చిన్నబడి పెద్దబడి తేడా కూడా లెక్కే. రన్‌టైమ్ లొకేషన్‌లో డిఫాల్ట్‌గా పీఎం ఎక్స్‌ట్ ప్రాక్ డిర్ అనే సర్వీస్ వేరియబుల్ ఉంటుంది. దాన్ని అలాగే ఉంచండి. అక్కడ నేరుగా పాత్ రాస్తే టెస్ట్ సర్వర్ నుంచి ప్రొడక్షన్‌కి వెళ్లినరోజు గుర్తొస్తుంది.

సేవ్ చేశాక ట్రాన్స్‌ఫర్మేషన్ మెనూలో జనరేట్ కోడ్ నొక్కి, ఏ ప్రొసీజర్లకు కోడ్ కావాలో, ఏ ఫోల్డర్‌లో పెట్టాలో చెప్పండి.

## పుట్టిన ఫైళ్లలో వేటిని ముట్టుకోవాలి?

హెడర్ ఫైలు, మాడ్యూల్ ఫైలు, వెర్షన్ ఫైలు, ఒక్కో ప్రొసీజర్‌కి ఒక్కో సి++ ఫైలు, యునిక్స్ రకాలకు మేక్‌ఫైళ్లు వస్తాయి. మీ లాజిక్ రాయాల్సింది ప్రొసీజర్ ఫైలులోనే. మిగతావి డిజైనర్‌వి, వాటి జోలికి వెళ్లొద్దు.

ఆ ప్రొసీజర్ ఫైలులో కూడా లెక్కంతా పోసేయకండి. లెక్కను వేరే ఫైలులో, ఇన్ఫర్మాటికా హెడర్లేవీ అక్కర్లేని మామూలు ఫంక్షన్‌గా రాసి, ప్రొసీజర్ ఫైలునుంచి దాన్ని పిలవండి. పోర్టు ఒకటి చేర్చినా, రకం మార్చినా కోడ్ మళ్లీ పుట్టించాలి. అప్పుడు మీ రాత దెబ్బతినకుండా ఉంటుంది. పైగా సెషన్ నడపకుండానే ఆ ఫంక్షన్‌ని కమాండ్ లైన్‌లో పరీక్షించుకోవచ్చు.

## కంటైనర్ నంబర్ తనిఖీ లోపల ఏం జరగాలి?

ఐఎస్ఓ 6346 ప్రకారం నంబర్‌లో నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక తనిఖీ అంకె ఉంటాయి. ఆంగ్ల అక్షరాలకు 10 నుంచి విలువలు ఇస్తూ 11, 22, 33లను దాటేయాలి. అందుకే ఎ 10 అయితే బి 12, కె 21 అయితే ఎల్ 23, యు 32 అయితే వి 34, జడ్ 38. మొదటి స్థానాన్ని 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 4తో, అలా పదోదాన్ని 512తో గుణించి కలపాలి. మొత్తాన్ని 11తో భాగిస్తే మిగిలేదే తనిఖీ అంకె. శేషం 10 వస్తే 0గా తీసుకోవాలి.

సి, ఎస్, క్యూ, యు, ఆ తర్వాత 305438 తీసుకుందాం. అక్షరాల విలువలు 13, 30, 28, 32. గుణించి కలిపితే నాలుగు అక్షరాలకు 441, ఆరు అంకెలకు 5744, మొత్తం 6185. 11తో భాగిస్తే శేషం 3. కాబట్టి చివరి అంకె 3 ఉంటేనే నంబర్ సరైనది.

కోడ్‌లో లెక్క తప్పడం అరుదు. తప్పేది లోపలికి వచ్చే డేటా దగ్గర. ఫిక్స్‌డ్ విడ్త్ కాలమ్‌నుంచి వచ్చే తోక ఖాళీలు, చిన్నబడి అక్షరాలు, మధ్యలో గీత, సున్నా బదులు ఓ అక్షరం కొట్టడం లాంటివి. మొదటి మూడింటిని మీరు సర్దండి. నాలుగోదాన్ని సర్దొద్దు, తప్పుగానే చూపండి. ఊహించి దిద్దిన నంబర్ ఇంకో నిజమైన కంటైనర్‌ది అయ్యే అవకాశముంది.

## ప్రొసీజర్ ఏ ఫలితం తిరిగి ఇవ్వాలి?

నాలుగు రకాలున్నాయి: విజయం, అవుట్‌పుట్ రో లేదు, రో లోపం, ప్రాణాంతక లోపం. చాలామంది తడబడేది మూడోదాని దగ్గర. రో లోపం ఇస్తే ఆ రో ముందుకు పోదు, సెషన్ లాగ్‌లో సందేశం పడుతుంది, సెషన్ లోపాల లెక్కలో ఒకటి చేరుతుంది. స్టాప్ ఆన్ ఎర్రర్స్ డిఫాల్ట్ 0, అంటే ఎన్ని లోపాలొచ్చినా సెషన్ ఆగదు. ఎవరైనా దాన్ని 1 చేసి ఉంటే ఒక్క చెడ్డ కంటైనర్ నంబర్‌తో రాత్రి లోడ్ మొత్తం నిలిచిపోతుంది.

అందుకని డేటా తప్పుని రో లోపంగా చూపించకండి. 1 లేదా 0 తిరిగి ఇచ్చి, తర్వాత రౌటర్‌తో వేరు చేయండి. రో లోపాన్ని కోడ్ ఆ రోని అసలు చదవలేకపోయిన సందర్భానికి ఉంచండి. ప్రాణాంతక లోపం సెషన్‌నే ఆపేస్తుంది. కీ ఫైలు దొరకలేదు, లైసెన్స్ తెరవలేదు వంటి వాటికి, అదీ ప్రారంభ దశలో, వాడండి.

## కంపైల్ చేసేటప్పుడు ఏం చూసుకోవాలి?

సర్వీస్ నడిచే లినక్స్ వెర్షన్ మీదే, అదే 64 బిట్ పద్ధతిలో కంపైల్ చేయండి. డీబగ్ సమాచారాన్ని ప్రొడక్షన్ లైబ్రరీలో కూడా ఉంచండి. ఫైలు కాస్త లావవుతుంది, కోర్ డంప్ చదవాల్సినరోజు ఆ లావే ఆదుకుంటుంది. విండోస్‌నుంచి కోడ్ తెస్తుంటే లాంగ్ రకాన్ని గమనించండి. 64 బిట్ విండోస్‌లో అది 4 బైట్లు, 64 బిట్ లినక్స్‌లో 8. పరిమాణం ముఖ్యమైన చోట కచ్చితమైన వెడల్పున్న రకాలే వాడాలి.

## లైబ్రరీ లోడ్ కావడం లేదని సెషన్ పడిపోతోంది. ఎక్కడ వెతకాలి?

ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు. సెషన్ లాగ్‌లో మొదటి సందేశం ఒకేలా ఉన్నా అసలు కారణం దాని వెనకున్న ఆపరేటింగ్ సిస్టమ్ మాటలో ఉంటుంది. దాన్నిబట్టి వెళ్లండి.

ఫైలు దొరకలేదంటే పేరు, ఫోల్డర్ చూడండి. పేరులో చిన్నబడి పెద్దబడి తేడా, ముందు "లిబ్" లేకపోవడం మామూలు తప్పులు. ఫైలు అక్కడే ఉన్నా దొరకలేదంటోందంటే, దొరకనిది అది కాదు, అది ఆధారపడిన ఇంకో లైబ్రరీ. సర్వీస్ ఖాతాతో లాగిన్ అయ్యి, ఒక లైబ్రరీ ఆధారపడినవన్నీ చూపే ఎల్‌డీడీ కమాండ్‌తో చూడండి. నాట్ ఫౌండ్ అని ఉన్న వరుసే దొంగ. మీ సొంత ఖాతాతో చూస్తే అన్నీ దొరుకుతాయి, ఎందుకంటే మీ ప్రొఫైల్‌లో ఎల్‌డీ లైబ్రరీ పాత్ (లైబ్రరీలు వెతికే ఫోల్డర్ల జాబితా) వేరు. సర్వీస్ మీ ప్రొఫైల్ చదవదు. ఆ వేరియబుల్‌ని అడ్మినిస్ట్రేటర్ కన్సోల్‌లో ఇంటిగ్రేషన్ సర్వీస్ ప్రాసెస్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టి సర్వీస్‌ని రీస్టార్ట్ చేయాలి.

ఈఎల్‌ఎఫ్ (లినక్స్ లైబ్రరీ ఫైళ్ల రూపం) క్లాస్ తప్పని వస్తే 32 బిట్ లైబ్రరీని 64 బిట్ ప్రాసెస్‌లోకి తోస్తున్నారు. ఈఎల్‌ఎఫ్ హెడర్ చెల్లదంటే ఫైలు దారిలో పాడైంది. ఎఫ్‌టీపీని టెక్స్ట్ మోడ్‌లో వదిలేయడం దీనికి పాత కారణం. రెండుచోట్లా షా256 మొత్తం తీసి పోల్చితే తేలిపోతుంది.

జీలిబ్‌సీ (లినక్స్ మూల సి లైబ్రరీ) 2.34 లేదంటూ వస్తే రెడ్‌హ్యాట్ 9 మీద కట్టినదాన్ని 8 మీద నడుపుతున్నారన్నమాట. 9లో ఉన్నది 2.34, 8లో 2.28, 7లో 2.17. పాతదాని మీద కట్టి కొత్తదాని మీద నడపొచ్చు, తిరగేసి కుదరదు.

సింబల్ నిర్వచించలేదని వస్తే ఎన్ఎమ్ కమాండ్‌తో లైబ్రరీ చూపించే పేర్లు తీసి పోల్చండి. సి భాషలో రాసిన పాత ఫంక్షన్‌ని ఎక్స్‌టర్న్ సి అని చెప్పకుండా సి++నుంచి పిలిస్తే కంపైలర్ పేరుని మార్చేస్తుంది, లింకర్‌కి అది దొరకదు. జీసీసీ 5తో ప్రామాణిక స్ట్రింగ్ రకం అమరిక మారింది. అంతకుముందు కట్టిన సి++ లైబ్రరీని కొత్త కంపైలర్ కోడ్‌తో కలిపినా ఇదే సందేశం వస్తుంది.

ఇక సెగ్మెంట్‌ని మ్యాప్ చేయలేకపోయానని వచ్చి అనుమతి లేదంటోందంటే, ఆ డిస్క్‌ని నోఎగ్జెక్ ఆప్షన్‌తో మౌంట్ చేశారేమో చూడండి. ఫైలుకి 755 ఇచ్చినా ఇది పోదు. సిస్టమ్ అడ్మిన్‌తో మాట్లాడాల్సిందే.

## తెలుగు పేర్లు ప్రశ్న గుర్తులుగా మారుతున్నాయి, లేదా చివర తెగిపోతున్నాయి. ఎందుకు?

ప్రశ్న గుర్తులు వస్తే ఎక్కడో 1252 లాంటి కోడ్ పేజీ అడ్డుపడింది. అందులో తెలుగు అక్షరాలే లేవు. ఇంటిగ్రేషన్ సర్వీస్ డేటా మూవ్‌మెంట్ మోడ్ యూనికోడ్‌లో ఉండాలి, సర్వీస్ కోడ్ పేజీ, సోర్స్, టార్గెట్ కనెక్షన్ల కోడ్ పేజీలు యూటీఎఫ్-8 అయ్యుండాలి. మీ సి++ కోడ్ కూడా బైట్లను యూటీఎఫ్-8గానే చదవాలి.

తెగిపోవడం వేరే కథ. పోర్టు ప్రెసిషన్ యూనికోడ్ మోడ్‌లో క్యారెక్టర్ల లెక్క, సి++ బఫర్ బైట్ల లెక్క. "విశాఖపట్నం" అన్నది పది కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో 30 బైట్లు. 20 బైట్ల బఫర్ పెడితే "విశాఖప" వరకు 18 బైట్లు పట్టి, మిగిలిన రెండు బైట్లు "ట" ముక్కగా మిగులుతాయి. ఆ ముక్కే తర్వాత డేటాబేస్‌లో చెల్లని అక్షరమంటూ గొడవ చేస్తుంది. సరిగ్గా 24 బైట్ల దగ్గర కత్తిరిస్తే చెల్లని బైట్లు ఉండవు కానీ "విశాఖపట్" అని పొల్లుతో ఆగుతుంది. బఫర్‌కి ప్రెసిషన్‌ని నాలుగుతో గుణించి ఒకటి కలపండి, అప్పుడు ఏ భాషకైనా సరిపోతుంది.

ఒకే పేరు రెండుచోట్ల కలవకపోతే కంటికి కనిపించని తేడా వెతకండి. టైపింగ్ పరికరాలు కొన్ని మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతాయి. అది కూడా మూడు బైట్లే. ఐత్వం గుర్తు ఒక కోడ్ పాయింట్‌గానూ, ఎత్వం, ఐత్వపు తోక అని రెండుగానూ రావొచ్చు. ఈ రెండో తేడా పోవాలంటే పోల్చే ముందు రెండు వైపులా ఎన్ఎఫ్‌సీ (ఒకే అక్షరాన్ని ఒకే రకంగా రాసే యూనికోడ్ పద్ధతి) రూపానికి తేవాలి.

## డబ్బు, తేదీల సంగతి?

డబ్బుని డబుల్ రకంలో పంపొద్దు. దశాంశాలు ద్విసంఖ్యలో కచ్చితంగా పట్టవు, లక్ష బిల్లులు కలిపితే పైసల తేడా బయటపడుతుంది. పైసలుగా మార్చి పూర్ణాంకం పంపండి. అయితే 32 బిట్ ఇంటిజర్‌లో పట్టేది 2,14,74,836 రూపాయల 47 పైసల వరకే. ఎగుమతి బిల్లు దాన్ని సులువుగా దాటుతుంది. అందుకని బిగ్ఇంట్ పెట్టండి, కుదరకపోతే స్ట్రింగ్‌గా పంపి లోపల మార్చుకోండి. ఖాతా నంబర్లు ఎప్పుడూ స్ట్రింగులే.

తేదీల దగ్గర సర్వర్ గడియారం యూటీసీలో ఉందేమో కనుక్కోండి. మనకి దానికంటే అయిదున్నర గంటలు ముందు. మన రాత్రి రెండింటికి నడిచే లోడ్‌కి సర్వర్ దృష్టిలో ఇంకా నిన్నటి తేదీయే. మార్చి 31 రాత్రి ఇలా జరిగితే ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. ప్రొసీజర్ లోపల ఈరోజు తేదీని సిస్టమ్‌ని అడక్కుండా, మ్యాపింగ్ నుంచి ఇన్‌పుట్ పోర్టుగా ఇవ్వడం శుభ్రమైన పద్ధతి. పాత తేదీకి మళ్లీ లోడ్ చేయాల్సి వచ్చినప్పుడూ అదే పనికొస్తుంది.

## నల్ వస్తే?

కోడ్‌లో ప్రతి ఇన్‌పుట్‌కీ ముందు నల్ తనిఖీ, తర్వాతే విలువ చదవడం. ఫలితానికి కూడా నల్ అని స్పష్టంగా చెప్పాలి. ఖాళీ స్ట్రింగ్‌నీ నల్‌నీ కలపొద్దు. ఒరాకిల్ సోర్స్‌లో రెండూ ఒకటే అయినా, ఫైలు సోర్స్‌లో కాదు.

## పార్టిషన్లు పెట్టగానే ఫలితాలు కలగాపులగం అయ్యాయి. ఏం చేయాలి?

పార్టిషన్లంటే డేటాను ముక్కలు చేసి ఒకేసారి నడిపే దారులు. ముందు ఈజ్ పార్టిషనబుల్ ఆప్షన్ తీసేసి చూడండి. సమస్య పోతే మీ కోడ్ థ్రెడ్‌సేఫ్ కాదన్నమాట, అంటే ఒకేసారి పలుచోట్ల నడిస్తే తప్పుతుంది. గ్లోబల్, స్టాటిక్ వేరియబుల్స్ మొదటి అనుమానితులు. సి లైబ్రరీలో లోకల్‌టైమ్, స్ట్రింగ్ ముక్కలు చేసే స్ట్రటోక్ రెండూ లోపల ఉమ్మడి నిల్వ వాడతాయి. చివర అండర్‌స్కోర్ ఆర్ ఉన్న వాటి జంట ఫంక్షన్లు వాడండి. సెట్‌లొకేల్ పిలవొద్దు, అది మీ ఫంక్షన్‌కే కాక ప్రాసెస్ మొత్తానికి వర్తిస్తుంది.

మ్యూటెక్స్‌తో (ఒక్కసారికి ఒక్కరినే లోపలికి వదిలే తాళంతో) అంతా బిగిస్తే ఫలితాలు సరవుతాయి, కానీ నాలుగు పార్టిషన్లు వరుసలో నిలబడతాయి. పార్టిషన్ పెట్టిన ప్రయోజనం పోయినట్టే.

## సెషన్ ఏ సందేశమూ లేకుండా చచ్చిపోతోంది.

మీ లైబ్రరీ డీటీఎం ప్రాసెస్ (సెషన్‌ని నిజంగా నడిపే ప్రాసెస్) లోపలే లోడ్ అవుతుంది. అందులో మెమరీ తప్పు జరిగితే సెషన్ అంతా పోతుంది, లాగ్ రాసే తీరిక కూడా ఉండదు. సర్వీస్ ఖాతాకి కోర్ డంప్ (కూలినప్పటి మెమరీ నకలు) పరిమితి తెరిపించి, వచ్చిన కోర్‌ని జీడీబీ డీబగ్గర్‌లో చూడండి. పై వరుసల్లో మీ ఫంక్షన్ పేరుంటే వెతుకులాట అక్కడితో తగ్గుతుంది.

ఎక్సెప్షన్ ఏదీ ప్రొసీజర్ గడప దాటకూడదు. బయటి పొరలో అన్నిటినీ పట్టుకుని రో లోపంగా మార్చండి. ఎగ్జిట్ పిలుపు ఎక్కడైనా ఉంటే తీసేయండి. కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌గా పుట్టిన పాత కోడ్‌లో ఇది దాక్కుని ఉంటుంది. ఒక వైపు కేటాయించిన మెమరీని ఇంకో వైపు విడుదల చేయొద్దు.

## లోడ్ చాలా నెమ్మదైంది.

ప్రతి రోకీ ఫైలు తెరవడం, డేటాబేస్‌కి కనెక్ట్ కావడం, వెబ్ సేవను అడగడం చేస్తున్నారేమో చూడండి. ఒక్కో పిలుపుకి 20 మిల్లీసెకన్లు పట్టినా పది లక్షల రోలకు అయిదున్నర గంటలు దాటుతుంది. అలాంటి తెరవడాలన్నీ ప్రారంభ దశలో ఒకసారే జరగాలి. పరీక్షలో ట్రేసింగ్‌ని (లాగ్ ఎంత వివరంగా రాయాలో చెప్పేదాన్ని) వెర్బోస్ డేటాకి పెట్టి మళ్లీ మార్చకపోవడం రెండో కారణం, దాన్ని నార్మల్‌కి తెండి.

## రెండో నోడ్ మీదకి మారినప్పుడే ఎందుకు పడిపోతుంది?

మ్యాపింగ్ రిపాజిటరీలో ఉంటుంది, లైబ్రరీ డిస్క్ మీద ఉంటుంది. రిపాజిటరీ బ్యాకప్‌లో మీ లైబ్రరీ రాదు. గ్రిడ్‌లో (సర్వీస్ నడిచే యంత్రాల గుంపులో) ఉన్న ప్రతి నోడ్, అంటే ప్రతి యంత్రం, చూడగలిగే ఉమ్మడి ఫోల్డర్‌లో దాన్ని పెట్టాలి, లేదా ప్రతి నోడ్ మీదా అదే వెర్షన్ ఉంచాలి. వేరే ఊళ్లో విపత్తు సర్వర్ ఉంటే అక్కడా అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోరు. అయినా విపత్తు సర్వర్ జాబితాలో డేటాబేస్ ఉంటుంది, వర్క్‌ఫ్లోలు ఉంటాయి, ఈ ఎస్ఓ ఫైలు మాత్రం ఉండదు. ఫైలుతోపాటు దాని సోర్స్, మేక్‌ఫైలు, కంపైలర్ వెర్షన్ వివరం కూడా సోర్స్ కంట్రోల్‌లో పెట్టండి.

## ప్రొడక్షన్‌లో లైబ్రరీని కొత్తదానితో మార్చేటప్పుడు సెషన్లు ఎందుకు కూలుతున్నాయి?

నడుస్తున్న సెషన్ వాడుతున్న ఫైలు మీదే సీపీ కమాండ్‌తో కొత్తది రాసేశారు కాబట్టి. సీపీ అదే ఐనోడ్‌లో (డిస్క్ మీద ఫైలు అసలు గుర్తింపు) పాత బైట్లు తుడిచి కొత్తవి పోస్తుంది. ప్రాసెస్ మెమరీలో మ్యాప్ అయి ఉన్న కోడ్ కాళ్లకింద మారిపోతుంది. కొత్త ఫైలుని అదే డిస్క్ మీద వేరే పేరుతో కాపీ చేసి, ఆ తర్వాత ఎంవీతో పాత పేరుకి మార్చండి. అప్పుడు పాత సెషన్లు పాత ఐనోడ్‌నే పట్టుకుని ముగుస్తాయి, కొత్తగా మొదలయ్యేవి కొత్తదాన్ని తీసుకుంటాయి. పోర్టుల వరుస కూడా మారి ఉంటే ఇది చాలదు: వర్క్‌ఫ్లోల షెడ్యూల్ ఆపి, నడుస్తున్నవి ముగిశాక, మ్యాపింగునీ లైబ్రరీనీ కలిపే మార్చాలి.